బెల్టు షాపులు

మా వీధి చివరి జిమ్ములో గోడ మీద ఇద్దరుంటారు. ఒకరు ముహమ్మద్ అలీ, ఇంకొకరు మైక్ టైసన్. దసరాకి ఆయుధపూజ చేసినప్పుడు డంబెల్సుతో పాటు టైసన్‌కీ కుంకుమబొట్టు పెట్టారు. అది ఇంకా చెరగలేదు. మొన్న కోచ్ కుర్రాణ్ణి అడిగాను: "తమ్ముడూ, ఇప్పుడు ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ ఎవరు?"

గోడ వైపు చూశాడు. గోడ పలకలేదు. ఫోన్ తీసి రెండు నిమిషాలు గీకాడు. "నలుగురైదుగురు కనబడుతున్నారు సార్. మీకు ఎవరు కావాలి?" అన్నాడు, ఇడ్లీయా దోశా అని అడిగినట్టు.

కుర్రాడి తప్పేం లేదు. ఒకప్పుడు ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో బరువులు ఎనిమిది. దిక్కుకొక దిక్పాలకుడు ఉన్నట్టు బరువుకొక మొనగాడు. ఎనిమిది పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలు, లోకంలో ఎవడు ఎవణ్ణి కొట్టగలడో తెలిసిపోయేది. ఇప్పుడు బరువులు పదిహేడు దాటాయి. ఫ్లైవెయిట్‌కీ దాని పైదానికీ తేడా మూడు పౌండ్లు, అంటే కిలోన్నర కూడా లేదు. మన ఇంట్లో సంక్రాంతికి రెండు పూటలు గట్టిగా భోంచేసిన అల్లుడు వేరే విభాగంలోకి వెళ్లిపోతాడు.

సరే, పదిహేడైనా గుర్తుపెట్టుకుందాం అంటే, బెల్టులిచ్చే సంస్థలు నాలుగు. డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ ముందునుంచీ ఉన్నాయి. 1983లో ఐబీఎఫ్, 1988లో డబ్ల్యూబీఓ వచ్చి చేరాయి. పదిహేడు నాలుగుల అరవై ఎనిమిది. అంటే అరవై ఎనిమిది "ప్రపంచ" టైటిళ్లు, అన్నీ ఈ ఒక్క ప్రపంచానికే.

మన పల్లెల్లో బెల్టు షాపంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కిళ్లీకొట్టు వెనక గోనెసంచిలో నాలుగు సీసాలు, క్వార్టరు మీద పదో ఇరవయ్యో ఎక్కువ. ఈ నాలుగూ అసలు సిసలు బెల్టు షాపులు. వీళ్లు బాక్సర్లను పెంచరు, గాయాలకు కట్టు కట్టరు, టికెట్లు అమ్మరు. టైటిల్ పోరు జరిగితే బాక్సర్‌కి వచ్చే డబ్బులో మూడు శాతం దాకా "సాంక్షన్ ఫీజు" పేరుతో పట్టుకుపోతారు. బెల్టులు పెరిగితే పోరులు పెరుగుతాయి, పోరులు పెరిగితే ఫీజులు పెరుగుతాయి. అందుకే డబ్ల్యూబీఏ ఒకే బరువులో "సూపర్" చాంపియన్ పక్కనే "రెగ్యులర్" చాంపియన్‌ని కూర్చోబెట్టింది. అదీ చాలకపోతే "ఇంటరిమ్" చాంపియన్. మన సర్కారాఫీసుల్లో దీన్నే ఎఫ్ఏసీ (పూర్తి అదనపు బాధ్యత) అంటారు. సంతకం పెడతాడు, బాధ్యత ఉండదు. డబ్ల్యూబీసీ దగ్గర వెండి ఉంది, వజ్రం ఉంది. బంగారం డబ్ల్యూబీఏ వాళ్లు పెట్టారు. ఇక తరుగు, మజూరీ వెయ్యడమే మిగిలింది.

వీళ్ల ర్యాంకుల జాబితాల పవిత్రత గురించి ఒక్క ముక్క. డారిన్ మోరిస్ అనే బాక్సర్ 2000లో చనిపోయాడు. డబ్ల్యూబీఓ ఆయన్ని 2001లో రెండు మెట్లు పైకెక్కించింది. చచ్చినవాళ్లు ఓటెయ్యడం, పింఛను తీసుకోవడం మనకి అలవాటే గానీ, ప్రమోషన్ కొట్టడం ఎక్కడా వినలేదు. ఐబీఎఫ్ వ్యవస్థాపకుడు రాబర్ట్ లీ మీద అయితే ర్యాంకుల కోసం లంచాలు తీసుకున్నాడనే కేసే నడిచింది. పెద్ద అభియోగాల నుంచి బయటపడ్డాడు, మనీ లాండరింగ్, పన్ను ఎగవేత కింద జైలుశిక్ష పడింది.

ఇన్ని ముక్కలైన కిరీటాన్ని ఒక్కడు ఏరి అతికించాడు అనుకోండి. హెవీవెయిట్‌లో 1999లో లెనాక్స్ లూయిస్ తర్వాత తిరుగులేని ఏకైక చాంపియన్ అన్నవాడు మళ్లీ పుట్టడానికి పాతికేళ్లు పట్టింది. 2024 మే 18న రియాద్‌లో ఉక్రెయిన్ వాడు ఉసిక్, టైసన్ ఫ్యూరీని ఓడించి నాలుగు బెల్టులూ భుజాన వేసుకున్నాడు. జూన్ నెల ముగిసేలోగా ఐబీఎఫ్ బెల్టు వదులుకోవాల్సి వచ్చింది. మా మనిషితో ఆడకుండా మళ్లీ ఫ్యూరీతోనే ఆడతానంటావా అని పేచీ. పాతికేళ్లు ఎదురుచూసిన పెళ్లికొడుక్కి పదహారురోజుల పండగైనా తృప్తిగా జరిగిందో లేదో!

ఇంకో బాక్సర్ క్రాఫర్డ్ సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. 2025 సెప్టెంబరులో లాస్ వెగాస్‌లో కనెలోను ఓడించి బెల్టులు గెలిచాడు. డిసెంబరులో డబ్ల్యూబీసీ అతని బెల్టు ఊడబెరికింది. ఫీజు కట్టలేదట. పరీక్ష పాసైనా బకాయి ఉందని సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసే కాలేజీలు మనకే ఉన్నాయనుకున్నాను.

మరి ప్రమోటర్లు? వాళ్లు పెళ్లిళ్ల పేరయ్యలు. మేవెదర్, పకియావో సంబంధం మొదట 2009లో మాట్లాడారు. వాటాలు కుదిరాయి, తేదీ కుదిరింది, రక్తపరీక్ష దగ్గర పేచీ వచ్చింది. ఊహించి చెప్పడం లేదు, నిజంగా రక్తపరీక్షే. ఐదేళ్లు ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు. 2015 మే 2న ముహూర్తం కుదిరేసరికి వరుడికి ముప్ఫై ఎనిమిది, రెండోవాడికి ముప్ఫై ఆరు. అమెరికాలో ఇంట్లో టీవీలో చూడ్డానికే దాదాపు వంద డాలర్లు. 46 లక్షల కనెక్షన్లు కొన్నారు. ముప్ఫై ఆరు నిమిషాలు ఒకడు తప్పించుకున్నాడు, ఒకడు వెతికాడు. అయ్యాక పకియావో తన భుజం అంతకుముందే దెబ్బతిందని చెప్పాడు. ఆ రాత్రి జేబు ఖాళీ చేసుకున్నవాడికి బాక్సింగ్ మీద విరక్తి పుడితే, "ఈ తరం కుర్రాళ్లకి ఓపిక లేదండీ" అంటారు.

ఓపిక మాట వాళ్లే ఎత్తకూడదు. 1950లలో వారం వారం ఉచితంగా టీవీలో వచ్చిన ఆట ఇది. 1978లో అలీ, స్పింక్స్ రెండో పోరు కూడా అమెరికాలో మామూలు టీవీలోనే వచ్చింది. ఆ తర్వాత గది లోపల గది కట్టి తలుపుకి టికెట్ పెట్టారు. పిల్లాడికి కనబడని ఆట పిల్లాడికి ఎలా పడుతుంది? 1973లో బాక్సింగ్ చూపించడం మొదలెట్టిన హెచ్‌బీఓ చానెల్ 2018లో చేతులు దులిపేసుకుంది. 2023తో షోటైమ్ కూడా దుకాణం కట్టేసింది. ఎంఎంఎ వచ్చి తినేసిందని ఏడుస్తారు గానీ, ఆ పక్కింటి యూఎఫ్‌సీలో మామూలుగా బరువుకి ఒక్క బెల్టే. చాంపియన్ ఎవరంటే పదేళ్ల పిల్లాడు చెబుతాడు.

జడ్జిల గురించి రాయాలంటే ఇంకో సంచిక కావాలి. 2017లో కనెలో, గొలోవ్కిన్ పోరు ముగ్గురు చూశారు. ఒకరికి గొలోవ్కిన్ గెలిచినట్టు, ఒకరికి సమానమైనట్టు, ఒకరికి 118-110తో కనెలో ఊడ్చేసినట్టు కనబడింది. ముగ్గురూ రింగు పక్కనే కూర్చున్నారు.

ఇక 2024 నవంబరు, టెక్సస్‌లోని ఆర్లింగ్టన్. మన తెలుగువాళ్లు దండిగా ఉండే డల్లస్ పక్కనే. యూట్యూబ్‌లో పేరు తెచ్చుకున్న జేక్ పాల్‌కి ఇరవై ఏడు, టైసన్‌కి యాభై ఎనిమిది. టైసన్ మోకాలికి పట్టీ కట్టుకుని వచ్చాడు. రెండేసి నిమిషాల రౌండ్లు ఎనిమిది. టైసన్ కొట్టినవాటిలో తగిలిన పంచులు మొత్తం పద్దెనిమిది. మధ్యమధ్య తన గ్లవ్ తానే కొరుక్కున్నాడు. అప్పట్లో రింగులో కొరికిన హోలీఫీల్డ్ చెవి అందుబాటులో లేదు కదా. చివరి గంట కొట్టకముందే కుర్రాడు వంగి దండం పెట్టాడు. టైసన్‌ని డబ్బిచ్చి తెచ్చి కెమెరా ముందు నిలబెట్టొచ్చని మనవాళ్లు 2022లో "లైగర్"తోనే కనిపెట్టారు. టెక్సస్ వాళ్లకి ఇంకో రెండేళ్లు పట్టింది.

అదే రాత్రి, అదే రింగులో, ఆ తమాషా మొదలవకముందు కేటీ టేలర్, అమాండా సెరానో పది రౌండ్లు ఆడారు. సెరానో కుడికంటి పైన చిట్లి రక్తం కారుతూనే ఉంది. తుడుచుకుని మళ్లీ మీదికే వెళ్లింది. ముగ్గురు జడ్జిలూ టేలర్‌కి ఒక్క పాయింటే ఎక్కువిచ్చారు. చూసినవాళ్లలో చాలామంది సెరానో గెలిచిందన్నారు. వాదించుకోవడానికి పనికొచ్చే పోరు ఆ రాత్రి అదొక్కటే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని బయల్దేరితే సారా దుకాణాలు మూతపడ్డాయి. ఈ నాలుగు దుకాణాలూ మాత్రం తెరిచే ఉన్నాయి.