నిర్విశేషోద్యోగము

లోకములో ఉద్యోగములు రెండు తెగలు. ఏదేని జరిపించినందులకు జీతము దొరకునవి మొదటి తెగ. ఏమియు జరుగకుండ చూచినందులకు దొరకునవి రెండవ తెగ. వంటవాడును, వకీలును, పురోహితుడును మొదటి తెగవారు. వండిన పులుసును, గెలిచిన వ్యాజ్యమును, కట్టించిన పుస్తెను నలుగురికి చూపి వారు శభాషనిపించుకొనగలరు. సెయింట్ లారెన్స్ నది నడుమ, థౌజండ్ ఐలండ్స్ అను ద్వీపసమూహములో, సంపన్నులు కొందరు వేసవి విడిదిగా నడుపుకొను ఒకానొక క్లబ్బునకు శీతకాలపు కేర్‌టేకరునైన నేను రెండవ తెగకు చెందినవాడను. నా పని ఎంత చక్కగా నెరవేరునో అంతగా కంటికి కనబడదు. కనబడినదా, ఏదో కొంప మునిగినదన్నమాట.

ఒంటారియో మహాసరస్సును విడిచి సముద్రమునకు బయలుదేరిన నది, తొలి మజిలీలోనే, అమెరికాకును కెనడాకును మధ్య ఈ దీవులను వెదజల్లుకొని పోయినది. పేరునకు వేయియే గాని లెక్కకు 1864 అని చెప్పుదురు. సంవత్సరము పొడుగునను నీటికి పైగా తలయెత్తి యుండవలెను, మీద చెట్టు మొలచి యుండవలెను. ఈ రెండు పరీక్షలయందును కృతార్థమైన రాతిగుట్టకే దీవి యను బిరుదము దక్కును. ఉభయరాజ్యములకు హద్దు నిర్ణయించిన పెద్దలు ఏ దీవిని గాని నడిమికి కోయక, గీతను వంకరలు త్రిప్పి నీటిమీదుగానే నడిపించిరి. వాటాలు వేసుకొనుచు పెరటి బావికి నడుమ గోడ కట్టిన మా కోనసీమ అన్నదమ్ములకు ఈ ఉపాయము తోచకపోయెను గదా యని, ఆ గీత యున్న దిక్కు చూచినపుడెల్ల నేను విచారించుచుందును.

నేను గోదావరి లంకలలో పుట్టి పెరిగినవాడను. సిరక్యూజ్ నగరములో చిరకాలము ఒక కచేరీలో లెక్కలు వ్రాసి, పింఛను పుచ్చుకొన్న పిమ్మట, ఏటి నడుమ కాపురము మనకు కొత్తయా యని మా ఆవిడను ఒప్పించి ఈ కొలువునకు కుదిరితిని. లంకవాసికి వరదభయము శ్రావణ భాద్రపదములలో. అది పోటెత్తి వచ్చినను, పశువులను గట్టెక్కించుకొనుటకు వ్యవధి యిచ్చును. తీసిపోవునపుడు ఒండ్రుమట్టిని కానుకగా విడిచిపోవును. ఇచ్చటి భయము మార్గశిరమున ప్రారంభమై ఫాల్గుణము దాక కదలక మెదలక కూర్చుండును. కానుకలిచ్చు స్వభావము దానికి లేదు.

సభ్యులు జూను కడపట వచ్చి, సెప్టెంబరు తొలి సోమవారమునాటి లేబర్ డే కాగానే పెట్టెలు సర్దుకొందురు. అది మొదలు తిరిగి వేసవి వరకు, పొడవాటి వసారా గల క్లబ్బుహౌసును, వార్నిషు పూసి బోర్లించిన పడవలు నిదురించు బోట్‌హౌసును, ఖాళీ గదులును మా దంపతుల అధీనములో ఉండును. అమలాపురమునుండి మా బావమరిది ఫోను చేసినపుడెల్ల ఒక్కటే ప్రశ్న: “చుట్టూ మంచే అంటావు, మనిషన్నవాడు కనబడడంటావు. మరి దొంగెక్కణ్ణుంచి వస్తాడు బావా? ఊరికే జీతమిస్తున్నారా ఏం?”

దొంగ బయటినుండి రానక్కరలేదు. వాడు లోపలనే, గొట్టములలో పొంచియుండును. వాని పేరు నీరు. నీరు గడ్డకట్టునపుడు నూటికి తొమ్మిది పాళ్లు ఉబ్బును. గొట్టపు వంపులో ఒక గరిటెడు నీరు మిగిలిపోయినదా, జనవరి రాత్రి అది రాగిని చీల్చి ఊరకుండును; ఆ సంగతి వసంతమున పంపు తిప్పిన పిమ్మట, భోజనశాల పైకప్పుగుండ జారి ప్రెసిడెంటుగారి కుర్చీమీద పడినపుడు గాని వెల్లడి కాదు. అందుచేత చలి ముదురకముందే పంపు కట్టివేసి, కుళాయిలన్నియు విప్పి, కంప్రెసరుతో గొట్టములలోనికి గాలి ఊది, చేతులు కడుగుకొను తొట్టి మొదలు మరుగుదొడ్డి వరకు, నీరు నిలుచు ప్రతి వంపులోను గులాబిరంగు యాంటీఫ్రీజును పోయుదును. అత్యంత గౌరవనీయులైన సభ్యుల మరుగుదొడ్లు గూడ వసంతోత్సవపు కళతో వెలిగిపోవు ఈ సంప్రోక్షణమును వారెవరును ఇంతవరకు కన్నులార చూచి యుండలేదు.

ఇది లోపలి దొంగ సంగతి. బయట నది గడ్డకట్టి పడవలరేవు స్తంభములను పట్టుకొనును; నీటిమట్టము పెరిగి మంచు పైకి లేచినపుడు స్తంభములను గూడ వెంట పెరికివేయును. దీనికి విరుగుడుగా అడుగున చిల్లుల గొట్టమును పరచి బబ్లరుతో గాలి ఊదుదుము. బుడగలు అడుగునీటిని పైకి నెట్టగా, ఆ వెచ్చదనమునకు స్తంభముల చుట్టు నీరు గడ్డకట్టక కుతకుతలాడుచుండును. వెచ్చదనమనగా స్నానమునకు పనికివచ్చునని భ్రమపడవలదు. గడ్డకట్టు నీటికంటె ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే మెరుగు. ఆ కుతకుత వినబడినంత సేపు నేను నిదురపోవుదును. అది ఆగినదా, కరెంటు పోయినదని గ్రహించి, లాంతరు పుచ్చుకొని ఆ చీకటిలో జెనరేటరు దగ్గరకు నడువవలెను. చప్పుడుకు మేలుకొను కావలివాండ్రను లోకము ఎరుగును. చప్పుడు లేకపోవుటచేత ఉలికిపడి లేచు కావలివాడను నేను.

నది పూర్తిగా గట్టిపడిన పిమ్మట ప్రయాణము సుఖమే. ఎండిన నేలకు తీసిపోని బాట ఏర్పడును. తెలిసినవారు సతతహరితవృక్షముల కొమ్మలు నాటి దారి గుర్తించి పెట్టుదురు. స్వచ్ఛమైన మంచు నాలుగంగుళముల మందమున్నచో మనిషిని మోయునని ఇచ్చటివారు చెప్పుదురు గాని, ఇరుకైన పాయలలో అడుగున నీటి వడి మంచును కొరుకుచునే యుండును గనుక, అట్టిచోట అంగుళములు లెక్కించువానికంటె చుట్టు తిరిగి పోవువాడే దీర్ఘాయుష్మంతుడు. కష్టమంతయు మొదటను తుదను వచ్చు సంధికాలములలోనే యున్నది. అప్పుడు నావ సాగదు, కాలు నిలువదు. ఆ దినములకై బియ్యము, కందిపప్పు, చింతపండు ముందుగానే మూటలు చేర్చుకొందుము. పాలు మాత్రము దొరకినపుడే దొరకును గనుక పెరుగు మా యింట అమూల్యవస్తువు.

ఆ పెరుగు తోడుపెట్టు వైభవమును చెప్పితీరవలెను. మా ఆవిడ పాలు కాచి, చిటికెనవ్రేలు ముంచి వేడి పరీక్షించి, తోడు చుక్క వేసి, గిన్నెకు మొదట తుండుగుడ్డ చుట్టి, దానిపై తన శాలువ కప్పి, అన్నిటికిని మీద నా ఉన్నిటోపీని చెవులదాక తొడిగి, కట్టెలపొయ్యికి మూరెడు దూరమున పీటమీద ప్రతిష్ఠించును. నడిరేయి లేచి పొయ్యిలో దుంగ వేయునది నాకై కాదు. నేను వణకినచో దుప్పటి ఉన్నది గదా యనును. తెల్లవారి టోపీ తొలగించి గిన్నె వంచి చూచి, “గట్టిపడిందండీ” అని ఆమె ప్రకటించు సమయమున ముఖములో కనబడు విజయము, బయట నది గట్టిపడినదని నేను చెప్పినపుడు ఎన్నడును కనబడలేదు.

భోజనశాల గోడకు క్లబ్బు నియమముల పలక వ్రేలాడుచున్నది. శీతకాలమున ప్రెసిడెంటును, కార్యదర్శిని, సభ్యుడను నేనే గనుక, శాసించువాడును శాసింపబడువాడును ఏకమైన అద్వైతస్థితిలో వానిని అమలు జరుపుదును. భోజనశాలలో టోపీ ధరింపరాదని ఒక నియమము. సున్నకు ఇరువది డిగ్రీలు దిగువన, ఎలుకబోనులు చూచుటకై అందు ప్రవేశించు నాకు ఇది ఏమాత్రము కష్టము కాదు; టోపీని పెరుగుగిన్నె ధరించియున్నది. రాత్రి పదిగంటల పిమ్మట సందడి చేయరాదని మరియొకటి. దీనిని ఉల్లంఘించునది నది యొక్కటే. 1959లో తెరచిన సీవే అను ఓడల మార్గమున వేసవియంతయు కూతలు పెట్టుచు పోవు 740 అడుగుల ఓడలు డిసెంబరు కడపటినుండి మార్చి చివరివరకు రావు గాని, చలికి బిగుసుకొని మంచు పగులునపుడు నది ఒక గట్టునుండి మరియొక గట్టువరకు ఢమ్మని మ్రోగును. ఆ సభ్యునికి నోటీసు ఇచ్చు మార్గము నియమావళిలో లేదు.

ప్రతి ఆదివారము నేను కమిటీకి నివేదిక పంపవలెను. తొలిరోజులలో “విశేషములు లేవు” అని సత్యమును మాత్రమే వ్రాయుచుంటిని. కొంతకాలమునకు కోశాధికారిగారినుండి శ్రీముఖము వచ్చెను: మీరు దీవిలోనే యున్నారా? అప్పటినుండి సత్యమునకు కొంచెము అలంకారము చేర్చుట నేర్చుకొంటిని. గ్రంథాలయమున ఒక ఎలుక కనబడినదని వ్రాసినది మొదలు కమిటీవారికి నాయందు అపారమైన విశ్వాసము కలిగెను. అది ఏ జాతిది, ఏ పుస్తకములు తినుచున్నది, సంతానవతియా, అను ప్రశ్నలతో ఫ్లోరిడాలో వెచ్చగా నున్న సభ్యులందరును నాకు ఉత్తరములు వ్రాసిరి. గడ్డకట్టని గొట్టములను గురించి ఒక్కరైనను పలుకరింపలేదు.

తుదకు వార్షికసభలో ఒక సభ్యుడు లేచి, ఇన్ని చలికాలములు గడచినను ఏమియు జరుగలేదు గనుక కేర్‌టేకరు నిమిత్తము చేయు వ్యయము అవసరమా యని ప్రశ్నించెను. నేను ప్రత్యుత్తరముగా కిటికీ తెరచి హార్ట్ ఐలండ్ దిక్కు చూపితిని. వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటలు అధిపతి జార్జి బోల్ట్ తన భార్య లూయీజ్ కొరకు అచ్చట ఆరంతస్థుల కోట కట్టించుచుండగా, 1904లో ఆమె మరణించెను. పని ఆపుడని తంతి రాగానే మూడువందలమంది పనివారు సుత్తులు దింపి వెడలిపోయిరి. ఆయన మరల ఆ దీవిలో అడుగిడలేదు. 1977లో ఇచ్చటి వంతెనల నిర్వాహకులైన బ్రిడ్జి అథారిటీవారు చేపట్టువరకు, 73 ఏండ్లు, గాలియు, వానయు, మంచును, గోడలమీద పేర్లు చెక్కు అల్లరివారును ఆ కోటను యథేచ్ఛగా అనుభవించిరి. అచ్చట జరిగినవన్నియు విశేషములే. ఒక్కటైనను ఇచ్చట జరుగవలెనని సభవారికి కోరిక యున్నచో నేను సెలవు పుచ్చుకొందునని మనవి చేసితిని.

సభ నిశ్శబ్దమాయెను. నా ఉద్యోగమును ఏకగ్రీవముగా నిలిపిరి. జీతము పెంచుమన్న నా అర్జీని మాత్రము, పెంచుటకు తగిన ఘటన యేదియు సంభవింపలేదను కారణమున, అంతే ఏకగ్రీవముగా త్రోసిపుచ్చిరి.

ఇంటికి వచ్చి ఈ తీర్మానమును మా ఆవిడకు చదివి వినిపింపగా, ఆమె క్షణకాలము ఆలోచించి, “పోనీ ఏమండీ, ఈసారి ఒక్క గొట్టంలో నీళ్లు తీయకుండా వదిలేసి చూడకూడదూ? ఆ కోశాధికారిగారి గదిలోదైతే మరీ మంచిది” అనెను. వృత్తిధర్మమునకు విరుద్ధమైన ఈ ప్రతిపాదనను నేను అంగీకరింపలేదు. సహధర్మచారిణి మాట గనుక తిరస్కరింపనూ లేదు. కమిటీ మర్యాద ననుసరించి తదుపరి సమావేశమునకు వాయిదా వేసితిని.