మంద్రసంజీవని: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

బేసు కొనెడి వాడ! వేలు పోయగనేల?
వేలిలోనె టోను వెలయుచుండు;
వంద వాట్ల పెట్టె వలదని చెప్పిన
వాడి యింట బేసు వరుస లెన్నొ!

అవతారిక

ఈ ఆటవెలది హైదరాబాదులో గంటల లెక్కన అద్దెకిచ్చే ఒక జామ్ రూమ్ గోడ మీద, ‘చెప్పులు బయటే విడువవలెను’ అన్న కాగితం కింద మార్కరుతో రాసి ఉంది. కర్త పేరు లేదు. నాలుగో పాదంలో ఉక్రోషం చూస్తే మాత్రం సొంత డబ్బు పోగొట్టుకున్నవాడే రాశాడనిపిస్తుంది.

ఇంత తేట పద్యానికి వ్యాఖ్య ఎందుకంటారా? కొలిచారం మల్లినాథసూరి, మన మెదకు సీమ వాడే, కాళిదాసు వాక్కు చెడ్డ వ్యాఖ్యల విషంతో మూర్ఛపోయి ఉందనీ, దాన్ని లేపడానికే తన సంజీవని అనీ చెప్పుకున్నాడు. మన కాలంలో మూర్ఛపోయి ఉన్నవాడు శనివారం సాయంత్రాల బ్యాండులో బేసు వాయించే కుర్రవాడు. విషం పెట్టినవాడు ఒక పెద్దమనిషి. ప్రతి బ్యాండు చుట్టూ ఇలాంటి పెద్దమనిషి ఒకడు తిరుగుతూనే ఉంటాడు. ‘అన్నా, ఏ బేసు కొనమంటావు, ఏ ఆంప్ తీసుకోమంటావు’ అని కుర్రవాడు అడుగుతాడు. ఆయన కళ్ళు అరమూసి, ‘సామాన్లలో ఏముంది తమ్ముడూ, టోనంతా వేళ్ళలో ఉంది’ అంటాడు. అడిగినదానికి జవాబు రాలేదు గానీ జ్ఞానం వచ్చింది.

శాస్త్రగ్రంథానికి అనుబంధ చతుష్టయం చెప్పాలి గనుక చెబుతున్నాను. విషయం, బేసు. అధికారి, జీతంలో కాస్త మిగుల్చుకుని దాన్ని కొనబోయేవాడు. సంబంధం, ఈఎంఐ. ప్రయోజనం, నా కడుపుమంట చల్లారడం.

టీక

‘వేలు’ దగ్గర శ్లేష ఉందని ఎనిమిదో తరగతి పిల్లలకైనా తెలుస్తుంది. వ్యాఖ్యాతలు ఇలాంటి చోట ‘స్పష్టం’ అని దాటిపోతారు. నేనూ దాటుతున్నాను. మొదటి పాదంలో ‘బే’కీ ‘వే’కీ యతి ఎలా కుదిరిందని అడిగేవారికి: వబలకు అభేదం ఒప్పుకున్న లాక్షణికులు పుణ్యాత్ములు. వాళ్ళే లేకపోతే స్టేజీ మీద గల్లంతయ్యే బేసు పద్యంలోనే గల్లంతయ్యేది.

‘కొనెడి వాడ’: ఎవడు వీడు? బ్యాండులో బేసు వాయించేవాడు పుట్టడు, మిగులుతాడు. ఆఫీసులో నలుగురు గిటారు వాళ్ళు పోగవుతారు. నలుగురూ సోలో వాయించేవాళ్ళే. వాళ్ళలో ఎదురు చెప్పలేని మెతక మనిషిని చూసి, ‘నువ్వు బేసు పట్టుకో, చాలా ఈజీ, నాలుగే తీగలు’ అని అంటగడతారు. ఆ మెతకదనమే వాడి అధికారిత్వానికి మొదటి లక్షణం. కొన్నాక ఇంట్లో వాళ్ళు అడిగే ప్రశ్న కూడా తీగల గురించే: ఇంత డబ్బు పోసి నాలుగేనా?

‘వేలిలోనె టోను’: ఇది పూర్వపక్షం. పెద్దమనిషికి దీనికి దొరికే ప్రమాణం ఎప్పుడూ ఒక్కటే, జేమ్స్ జేమర్సన్. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకు బేసు వాయించిన మహానుభావుడు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు, తీగలు పాతబడినా మార్చేవాడు కాదు, నిజమే. అయితే ఆ వేలి కింద ఉన్నది 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్. ఆ వేలు అంతకుముందు నిలువెత్తు డబుల్ బేసు మీద అరిగిన వేలు. అక్కణ్ణించి వచ్చిన ధ్వని స్టుడియోలో తిన్నగా కన్సోల్‌లోకి పోయేది, దాని వెనక చెవులున్న ఇంజనీరు కూర్చునేవాడు. ఇవన్నీ తీసేసి వేలొక్కటే మిగిల్చి ఉపదేశించడం మాయావాదం. ఇంకా చూడండి: మోటౌన్ రికార్డుల అట్టల మీద వాద్యకారుల పేర్లు వేసే అలవాటే లేదు. 1971లో మోటౌన్ గాయకుడు మార్విన్ గే ఆల్బమ్ వచ్చేదాకా జేమర్సన్ పేరుకు అట్ట మీద చోటు దొరకలేదు. పెద్దమనిషి వేలి గురించి చెబుతాడు గానీ ఈ ముక్క చెప్పడు. కుర్రవాడికి ముందుగా తెలియాల్సింది ఈ ముక్కే.

‘వంద వాట్ల పెట్టె’: పెట్టె సంగతికి ముందు మంద్రం సంగతి తెలియాలి. పదమూడో శతాబ్దంలో దేవగిరిలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరం రాస్తూ, మంద్రం రొమ్ములోనూ, మధ్యం కంఠంలోనూ, తారం తలలోనూ పుడతాయనీ, ఒక్కొక్కటీ ముందుదానికి రెట్టింపనీ నిర్ణయించాడు. దీనికి మన రాచకొండ నేలిన రేచెర్ల సింగభూపాలుడు సంగీతసుధాకరమని వ్యాఖ్య రాశాడు. ఆ తరవాత విజయనగరంలో కల్లినాథుడు కళానిధి రాశాడు. కోట గోడల పని చూసుకోవలసిన రాజే మంద్రమధ్యతారాలకు వ్యాఖ్య రాస్తే, ఆదివారం పూట నేను ఒక ఆటవెలదికి రాయడంలో వింతేముంది? ఆ రెట్టింపు లెక్క నేటికీ చెక్కు చెదరలేదు. గిటారు లావు తీగ సెకనుకు 82.4 సార్లు ఊగుతుంది. బేసు లావు తీగ 41.2 సార్లు, అంటే సరిగ్గా సగం. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ ప్రెసిషన్ బేసు అమ్మకానికి పెట్టాడు. ఆయన రత్నాకరం చదవకపోయినా లెక్క తప్పలేదు.

మన కచేరీలో బేసు లేదంటారు కొందరు. మృదంగం ఎడమవైపు తొప్పిని ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? కచేరీకి ముందు విద్వాంసుడు బొంబాయిరవ్వ తడిపి, ముద్ద చేసి, తొప్పి నడిమధ్యన బిళ్ళలా అద్దుతాడు. బొటనవేలితో అంచులు నొక్కి, అరచేత్తో ఒకసారి కొట్టి వింటాడు. చాలకపోతే ఇంకో చిటికెడు. బరువెక్కిన తోలు నిదానంగా ఊగుతుంది, శ్రుతి కిందికి దిగుతుంది, గుంకీ పలుకుతుంది. కచేరీ అయ్యాక రవ్వ గీకి పారేస్తాడు. ఇంత మహావిద్వాంసుడు కూడా నాదమంతా నా అరచేతిలోనే ఉంది, రవ్వ ఎందుకు అనలేదు. ఏం కావాలో తెలిసినవాడు గనుక ఉప్మా డబ్బా మూత తీశాడు. రవ్వ ఎక్కువైతే తొప్పి మూగబోతుందనీ, తక్కువైతే డొల్లగా మోగుతుందనీ, ఆరిపోతే మధ్యలో తడి చెయ్యాలనీ వాళ్ళు చెప్పుకునే మాటలు వింటూంటే పొద్దుపోవడం తెలియదు. ఇళయరాజా పాటల్లో పల్లవి వెనక బేసు తన దారిన తాను వేరే పాట పాడుతూ పోతుందే, దాని గురించి కూడా ఇక్కడే రాయాలని ఉంది గానీ, పెట్టె అన్న మాట ఎత్తి చాలాసేపయింది.

పెట్టె. మనిషి చెవి లావు స్వరాలను సరిగా పట్టించుకోదు. 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు: సన్న స్వరంతో సమానంగా వినబడాలంటే లావు స్వరాన్ని ఎంతో గట్టిగా మోగించాలి. పైగా వాట్లు రెట్టింపు చేస్తే దక్కేది 3 డెసిబెళ్ళు. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పదింతలు కావాలి. అందుకే 30 వాట్ల వాల్వు ఆంపుతో గిటారు వాడు అపార్టుమెంటంతా లేపగలడు. అదే 30 వాట్లతో బేసు వాడు తన ప్యాంటు ఒక్కటే అదరడం గమనించగలడు. డ్రమ్ముల పక్కన నిలబడాలంటే రెండు మూడు వందల వాట్లు కావాలి. ఆంపెగ్ కంపెనీ 1969లోనే 300 వాట్ల హెడ్డు, అంటే స్పీకరు లేని ఆంపు, తెచ్చింది, దాన్ని ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చేది. ఇప్పుడు క్లాస్-డి హెడ్డు పుస్తకాల సంచిలో పడుతుంది. కాబట్టి ‘వంద వాట్ల పెట్టె వలదు’ అంటే వంద చాలదు, మూడువందలది కొనుక్కో అని కవి హృదయం. పెద్దమనిషి హృదయం వేరు, దానికి ఈ వ్యాఖ్య జవాబుదారీ కాదు.

ఇక్కడ శాస్త్రం కాసేపు పక్కన పెడతాను. మొన్న ఒక అపార్టుమెంటులో వినాయక చవితి కార్యక్రమం. స్టేజీ వెనక సాకెట్టులో ప్లగ్గు లేదు. ఒట్టి వైరు కొసలు దూర్చి, జారకుండా రెండు అగ్గిపుల్లలు గుచ్చారు. ఎర్తింగు అన్న మాటే లేదు. మన కరెంటు 50 హెర్ట్జులు. బేసు లావు తీగ మూడో మెట్టు మీద పలికే ‘జి’ 49. అంటే ఎవరూ వాయించకుండానే ఒక స్వరం సాయంత్రమంతా మోగుతూ ఉంది, అదీ కొంచెం శ్రుతి తప్పి. 1957లో ప్రెసిషన్ మీద తీగ ఊపును పట్టే పికప్‌ను రెండు ముక్కలుగా చీల్చి ఒకదాని హమ్ముకు మరొకటి విరుగుడుగా చుట్టారు. అలాంటి బేసు ఉంటే సగం బాధ తప్పేది. తీగల మీద చెయ్యి ఆనిస్తే హోరు కొంత తగ్గుతుంది. వేలిలో టోను ఉందన్నమాటకు నాకు దొరికిన ఒకే ఒక్క ప్రత్యక్ష ప్రమాణం ఇదే. చెయ్యి తీగ మీద ఉండగా పెదవి మైకుకి తగిలితే చురుక్కుమంటుంది, అది వేరే ప్రమాణం. సౌండు అబ్బాయిని పిలిచి బేసు వినబడట్లేదన్నా అంటే, ‘బయట ఫుల్ వస్తోందన్నా’ అన్నాడు. సౌండు అబ్బాయిలందరూ అనే మాట ఇదొక్కటే. బయట కూర్చున్న మా బావమరిది, కార్యక్రమం అయ్యాక, ‘నువ్వు పట్టుకున్న గిటారుకి వైరు పెట్టలేదా బావా’ అని అడిగాడు.

తాత్పర్యం

మొదటి బేసు కొనేవాడు చెక్క జాతి, రంగు, సంతకం చూసి మోసపోవద్దు. యమహా, ఐబనెజ్ వాళ్ళ మొదటి మెట్టు బేసులు బ్యాండుకు బాగానే సరిపోతాయి. మెడ నిటారుగా ఉందో లేదో చూసుకుని, తీగల ఎత్తు సరిచేయించుకుని, మిగిలిన డబ్బంతా ఆంపు మీదా స్పీకరు మీదా పెట్టాలి. జామ్ రూములో మూలకి జరిగితే హోరు, నడిమధ్యకొస్తే నిశ్శబ్దం. ఆ లావు తీగ తరంగం పొడుగు ఇంచుమించు 27 అడుగులు, గదేమో పన్నెండు. కాబట్టి నాలుగడుగులు అటూ ఇటూ నడిచి చూసుకున్నాకే మీటలు తిప్పాలి. అగ్గిపుల్లలు గుచ్చిన సాకెట్టు కనబడితే బేసు సంచిలోంచి తియ్యకపోవడమే శాస్త్రసమ్మతం.

నాలుగో పాదంలో ‘ఎన్నొ’ అన్న పదానికి లెక్క తేల్చడానికి ఈ వ్యాఖ్యాత ఒక పెద్దమనిషి ఇంటికి వెళ్ళాడు. కాఫీ ఇచ్చారు. గోడ పొడుగునా స్టాండ్ల మీద వరుసగా ఉన్నాయి: ఫ్రెట్లు లేనిది, అయిదు తీగలది, ఎడమచేతి వాటందీ, ఆ ఇంట్లో ఎడమచేతి వాటం వాళ్ళెవరూ లేకపోయినా. ‘ఇన్నిటిలో ఒకటి మా కుర్రవాడికి అమ్మరాదా అన్నా’ అన్నాను. దుమ్ము పట్టిన దాన్ని ఒకదాన్ని తీసి, ఒళ్ళో పెట్టుకుని తుడుస్తూ ధర చెప్పాడు. కొత్తదాని కంటే ఎక్కువ. ఇదేమిటన్నా, వాడిన దానికి ఇంతా అంటే, ‘దీని టోనే వేరు తమ్ముడూ’ అన్నాడు.