నలభై గుర్రాల బండికి నాలుగు వీధుల మోత

ఈమధ్య పాత ఫియట్లకు గిరాకీ పెరిగింది. ఒకప్పుడు బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూసినా దొరకని బండి, తర్వాత తుక్కు ధరకి కూడా ఎవరూ అడగని బండి, ఇప్పుడు మళ్ళీ కుర్రకారుకి ముద్దొస్తోంది. సంతోషమే. మా అన్నయ్య మనవడూ ఒక ప్రీమియర్ పద్మిని కొన్నాడు. స్టీరింగ్ పక్కన గేరు, గుండ్రటి దీపాలు, బండి నిజంగా బాగుంది. కొన్న వారం తిరక్కుండానే వచ్చి, "తాతయ్యా, పెర్ఫార్మెన్స్ ఎగ్జాస్ట్ వేయిద్దామనుకుంటున్నా" అంటూ ఫోను నా చెవి దగ్గర పెట్టాడు. అందులో ఎవరిదో కారు గోడలు పగిలేలా అరుస్తోంది. "ఇదిగో, ఈ సౌండు రావాలి."

సౌండట! మా రోజుల్లో ఆటోనగర్‌లో మా మెకానిక్ షెడ్డుకి వచ్చినవాడెవడూ సౌండు కావాలని అడగలేదు. పికప్ లేదనో, ఎత్తు ఎక్కడం లేదనో, పెట్రోలు తాగేస్తోందనో వచ్చేవాళ్ళు. చప్పుడు ఎక్కువైందని వస్తే అది సైలెన్సర్‌కి చిల్లు పడిందని అర్థం.

మేము ముందు బండిని కాదు, మనిషిని చూసేవాళ్ళం. డాక్టరు గారి ఫియట్ అయితే ఇంటి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంటికి. అంత చిన్న దూరంలో సైలెన్సర్ సరిగ్గా వేడెక్కనే ఎక్కదు. పొగలోని ఆవిరి లోపలే నీరై నిలిచిపోతుంది. బయటికి నున్నగా కనిపించే డబ్బా లోపల్నుంచి తుప్పు తినేస్తుంది. అలాంటి బండికి మందం రేకు డబ్బా వేసి, అడుగున పల్లమున్న చోట సన్నటి రంధ్రం పెట్టేవాళ్ళం, నీరు కారిపోవడానికి. సంసారాన్నంతా ఎక్కించుకుని తిరుపతి వెళ్ళే షావుకారు గారికైతే కింది గేర్లలో లాగుడు ముఖ్యం. మద్రాసు దగ్గర షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద రేసులు జరిగే రోజుల్లో, ఫియట్లు కూడా దిగేవి. ఆ పిచ్చి ఉన్న కుర్రాళ్ళ లెక్క వేరు. వాళ్ళకు కావాల్సిందంతా పై స్పీడులోనే. ముగ్గురిదీ ఒకే 1089 సీసీ ఇంజను, ముగ్గురికీ ఒకే పైపు పనికిరాదు. ఈ సంగతి చెబితే మావాడు "అయితే అన్నిటికంటే పెద్దది వేసేద్దాం" అన్నాడు.

పెద్దది! నలభై గుర్రాల దగ్గర ఆగిపోయే ఇంజనుకి రెండున్నర అంగుళాల పైపు. చిన్న మోటారు పెట్టి నీళ్ళను పెద్ద కాలవలోకి వదిలితే పారతాయా, మడుగు కడతాయా? పొగదీ అదే తంతు. పైపు మరీ లావైతే వేగం తగ్గి, లోపలే చల్లబడి బద్ధకిస్తుంది. సిలిండర్లోంచి పొగ విసురుగా పోతేనే వెనకాల కొంచెం వాక్యూమ్ ఏర్పడి, కాలిన గాలిలో మిగిలినదాన్ని కూడా లాక్కుపోతుంది, కొత్త గాలికి చోటిస్తుంది. ఆ విసురు పోయిందా, కిందిగేర్లలో బండి చచ్చిపోతుంది. దీనికి కుర్రాళ్ళు "బ్యాక్ ప్రెషర్ కావాలి" అని ఓ మాట నేర్చుకున్నారు. ప్రెషర్ ఎవడిక్కావాలి? కావాల్సింది వేగం. అయినా ఈ తప్పుడు మాట మా షెడ్లలోనే పుట్టి ఉంటుందని నా అనుమానం, మాకు తెలిసిన ఇంగ్లీషు అంతంతమాత్రం.

పైపు వంచడమైనా ఒక పనిగా చేసేవాళ్ళం. కృష్ణ ఇసుక జల్లించి, పెనం మీద వేయించి తడి పూర్తిగా పోగొట్టాలి. తడి ఉంటే లోపల ఆవిరి పుట్టి బిరడా తుపాకి గుండులా లేస్తుంది. ఎండిన ఇసుకను పైపులో కూరుతూ, పక్కల్నుంచి కర్రతో కొడుతూ, ఖాళీ లేకుండా దట్టించి రెండు చివరలా చెక్క బిరడాలు బిగించాలి. గ్యాసు మంటతో వంపు చోటు ఎర్రబడేదాకా కాల్చి మెల్లగా వంచాలి. పైపుకున్న అతుకు గీత వంపు లోపలికీ రాకూడదు, బయటికీ పోకూడదు, పక్కన ఉండాలి. అప్పుడు వంపు దగ్గర ముడత పడదు, నలగదు. ఇప్పుడు ఒత్తుడు మిషన్లో పెట్టి ఒక్క నొక్కు నొక్కుతారు, మూల దగ్గర సగం మూసుకుపోతుంది. లోపల దన్ను కడ్డీ పెట్టి వంచే మంచి మిషన్లు కూడా వచ్చాయిలెండి, ఒప్పుకుంటాను. వాటి పని మా ఇసుక పనికంటే నున్నగానే ఉంటుంది. ఆ షాపుకి వెళ్ళమంటే మావాడికి రేటు ఎక్కువట.

ఇంకో రోజు ఇంగ్లండు మినీ కారు బొమ్మ చూపించి, అందులో ఉన్న మూడు కొమ్మల మ్యానిఫోల్డు ఫియట్‌కి చేయించమన్నాడు. ఒరే నాయనా, మినీ ఇంజనులో రెండో, మూడో సిలిండర్ల పొగకి హెడ్‌లో ఒకటే దారి. నాలుగు సిలిండర్లకీ కలిపి బయటికి మూడే రంధ్రాలు. అందుకని మధ్య కొమ్మ పొడుగ్గా పెట్టి, పక్క రెండింటినీ ముందు కలుపుతారు. 1959లో వచ్చిన ఆ బుల్లి కారు మాంటే కార్లో ర్యాలీ గెలిచిందన్నా అది దాని కొలతలకి తగ్గ పని. వేరే హెడ్‌కి అది నకలు కొడితే ఏం లాభం? ముందు మ్యానిఫోల్డు విప్పు, రంధ్రాలు ఎన్నో, ఎంతెంతో చూడు, పేపరు ప్యాకింగు మీద అచ్చు తీసుకో. మ్యానిఫోల్డు ముఖం వంకర పోయిందేమో స్కేలు పెట్టి చూడు.

మా రోజుల్లో అన్నీ బంగారమేమీ కాదు. ఆస్బెస్టాస్ ప్యాకింగులు ఉత్త చేతులతో కోసేవాళ్ళం. 2000లో సీసం లేని పెట్రోలు దేశమంతా వచ్చేదాకా సీసం పొగే పీల్చాం. నా దగ్గు ఎవరిచ్చిందో నాకు తెలుసు.

కానీ పైపు బిగించి డబ్బులు తీసుకుని పంపించేసేవాళ్ళం కాదు. పొగ దారి తెరిస్తే గాలి ఎక్కువ వస్తుంది, దానికి తగ్గ పెట్రోలు లేకపోతే ఇంజను వేడెక్కుతుంది. కార్బొరేటర్ జెట్టు చూసి, బండిని దుర్గగుడి ఘాట్ రోడ్డు ఎక్కించి, పైన ఇంజను ఆపేసి ప్లగ్గులు విప్పేవాళ్ళం. లేత ఇటుక రంగుంటే సరే. తెల్లబడితే పెట్రోలు చాలట్లేదు, మసిబారితే ఎక్కువవుతోంది. ఇప్పుడు పైపు ఒక షాపులో, వెల్డింగు ఇంకో షాపులో, కార్బొరేటర్ సంగతి ఎవడూ అడగడు. ఇంజనుకీ సైలెన్సర్‌కీ సంబంధమే లేనట్టు!

ఇక పోలీసులు. మోత సైలెన్సర్లు రోడ్డు మీద పరిచి రోలరుతో తొక్కించారు, విశాఖలో. 2019 సవరణ తర్వాత శబ్దం హద్దు మీరితే పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉంది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే బండి అసలు రూపంలో ఉండాలి. రేపు ఆ అదృష్టం పట్టినప్పుడు, విప్పిన పాత మ్యానిఫోల్డు పారేసి ఉంటే మావాడు దాని కోసం తుక్కు కొట్ల చుట్టూ తిరగాలి. అందుకే దాన్ని గ్రీజు పూసి, గోనెసంచిలో చుట్టి మా అటక మీద పెట్టించాను.

వాడికి నేను చెప్పింది ఇదీ: కంపెనీ కొలతకి కాస్త పెద్ద పైపు, లోపల తిన్నగా సాగే డబ్బా ఒకటి, వేలాడదీసే రబ్బర్లు కొత్తవి, నేల రేకుకి తగలకుండా నాలుగు వేళ్ళ ఎడం. ఇంజను ఊగుతుంది కనక గట్టిగా బిగించొద్దు, చీలిపోతుంది. అంతా విని, "మరి సౌండు?" అన్నాడు వెధవ.