మాస్టరు కాలు చూడండి

డ్రైవింగ్ ఎక్కడ నేర్చుకోవాలని మా కడపలో ఎవరినడిగినా మొదట వచ్చే సలహా ఇది: "లైసెన్సు తెప్పించే స్కూలు ఉందప్పా, ఆడికే పో." వినొద్దు. లైసెన్సు తెప్పించడం తెలిసినోళ్లకంతా నేర్పడం తెలియదు.

"కారు ఒక్కసారి కూడా ఆగిపోకుండా నడిపిస్తే మంచి మాస్టరు" అనేది ఇంకో సలహా. ఇది నమ్మే నేను దెబ్బతిన్నాను. స్కూలు కారులో మాస్టరు వైపు కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం ఉండాల్సిందే. మూడు వారాలు నా చేతిలో బండి ఆగలేదు. సొంత కారు తీసుకుని ఏడురోడ్ల సర్కిల్‌కు పోతే, ఆటోల మధ్య నాలుగుసార్లు ఆగింది. ఇన్నాళ్లూ క్లచ్ తొక్కింది నేను కాదని ఆ రోజు తెలిసింది. అందుకే నేర్చుకునేటప్పుడు మాస్టరు కాలు చూడండి. ఖాళీ రోడ్డు మీద, "సార్, మీరు క్లచ్ ముట్టుకోవద్దు, ఆగిపోతే నేనే స్టార్ట్ చేసుకుంటా" అని అడగండి. ఆగినప్పుడు "క్లచ్ తొందరగా వదిలినావు" అని కారణం చెప్పాడా, కేకలేసి తానే తొక్కేశాడా? ఆయన పనితనం అక్కడే తెలుస్తుంది.

"తిడితేనే వస్తుంది" అంటారు. భయపడిన మనిషి అద్దం చూడడు, మాస్టరు ముఖం చూస్తాడు.

"పది రోజులు చాలు" అన్నా ఒప్పుకోవద్దు. కారుకు కనీసం 21 రోజుల శిక్షణ, అందులో 10 గంటలు మీరే నడపాలని ఆ నిబంధనలే చెబుతాయి. గంటలు రాయడానికి ఫారం 15 అనే రిజిస్టరు ఉంది, చూపించమనండి. వెనక సీట్లో కూర్చుని పక్కవాళ్లు నడపడం చూసిన సమయం లెక్కలోకి రాదు.

గ్రౌండులో ఎనిమిది అంకెలా తిప్పితే సరిపోతుందనేవాళ్లు చీకటి పడ్డాక కర్నూలు రోడ్డు మీద వెనక లైటు లేని ఉల్లిగడ్డల ట్రాక్టరును చూసినట్టు లేరు. దాని వెనక ఎంత దూరంలో ఉండాలో రోడ్డు మీదే నేర్పాలి.

అన్నిటికన్నా చెడ్డ సలహా నేను ఒక మాస్టరు నోటనే విన్నాను: "ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేసుకో, డీజిల్ మిగులుతుంది." రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ దిగినవాళ్లకు ఆ మలుపులు తెలుసు. న్యూట్రల్‌లో ఇంజను పట్టు పోయి బరువంతా బ్రేకుల మీద పడుతుంది, అవి వేడెక్కితే పట్టవు. తక్కువ గేరులోనే దిగాలి. ఈ న్యూట్రల్ మాట చెప్పిన మాస్టరు ఎంత మంచివాడైనా ఆ రోజే స్కూలు మార్చండి. కట్టిన ఫీజు పోతే పోనీ.