అందరూ సమానమే, ఓట్లప్పుడు తప్ప

హైపర్‌కన్వర్జ్‌డ్ క్లస్టర్లు అమ్మేవాళ్లది అచ్చమైన సామ్యవాదం. లెక్కలు చేసే యంత్రం వేరు, డేటా దాచే యంత్రం వేరు అనే పాత వర్ణభేదాలు పోయాయట. అన్నీ ఒకే రకం పెట్టెలు. ప్రతిదాంట్లో ప్రాసెసరూ డిస్కులూ ఉంటాయి, అన్నీ అన్ని పనులూ చేస్తాయి. సూరత్ రింగ్‌రోడ్డు బట్టల మార్కెట్లో ఏ సేఠ్‌కైనా ఈ మాట చెప్పి చూడండి. సాంచాల షెడ్డులో ఎన్నడూ ఒప్పుకోని సమానత్వాన్ని సర్వర్ గదికి సంతోషంగా కొనుక్కుంటాడు.

తీరా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర అడుగుతుంది: ఈ నోడ్ పాత్ర ఏమిటి? సూసే కంపెనీ వారి హార్వెస్టర్‌లో అయితే మేనేజ్‌మెంట్, వర్కర్, విట్‌నెస్. ఏమీ చెప్పకుండా వదిలేస్తే మొదట వచ్చిన నోడ్ మేనేజ్‌మెంట్ అయి కూర్చుంటుంది, తర్వాత వచ్చినవాటిలో రెండింటికి ప్రమోషన్. నాలుగోది ఎంత బలిసిన యంత్రమైనా వర్కరే. వర్చువల్ మెషీన్లు మోస్తుంది, డేటా నకళ్లు దాస్తుంది. క్లస్టర్ జ్ఞాపకమంతా ఉండే ఎట్‌సీడీలో మాత్రం దానికి ఓటు లేదు. ఇక విట్‌నెస్ అనే సాక్షి ఉందే, దానిది మహారాజ జాతకం. ఒక్క వర్చువల్ మెషీన్ మోయదు, ఒక్క నకలు దాచదు. ఓటు మాత్రం ఉంటుంది.

ఇందులో న్యాయం లేకపోయినా లెక్క ఉంది. ఎట్‌సీడీలో ఏది రాయాలన్నా సగానికి మించి ఓట్లు కావాలి. ఇద్దరే ఓటర్లయితే ఒకరు పడిపోగానే రెండోవారూ చేతులు కట్టుకోవాలి. ముగ్గురుంటే ఒకరు పోయినా బండి నడుస్తుంది. నలుగురున్నా ఒకరి చావునే తట్టుకుంటుంది, నాలుగో ఓటు దండగ. అందుకే మూడో ఓటు కోసం చవక పెట్టెకు సాక్షి హోదా ఇస్తారు.

వర్కర్ నోడ్‌ని చూడాలంటే సూరత్‌లో సర్వర్ గదిదాకా పోనక్కర్లేదు. లింబాయత్‌లో తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీలున్నారు, పవర్‌లూమ్ షెడ్లలో గంజాం నుంచి వచ్చిన ఒడియా కార్మికులున్నారు. నగరం బరువంతా వాళ్ల మీదే. 2020 ఏప్రిల్ 10న లాక్‌డౌన్ మధ్య లస్కానాలో కార్మికులు రోడ్డెక్కి, జీతాలివ్వండి, లేదా ఊళ్లకు పంపండి అన్నారు. పోలీసులు పదుల మందిని పట్టుకుపోయారు. క్లస్టర్‌లోనూ అంతే: వర్కర్ తనంతట తాను ఖాళీ చేసి పోకూడదు, ఆ ఆదేశం పైనుంచే రావాలి. కార్మికుల రైళ్లు మే నెలలో కదిలాయి.

ఓటున్నా ఒరిగేదేముంది లెండి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో సూరత్ కాంగ్రెస్ అభ్యర్థిని ప్రతిపాదించినవాళ్లే నామినేషన్ మీది సంతకాలు మావి కావన్నారు. అది చెల్లలేదు. మిగిలినవాళ్లు వరసగా తప్పుకున్నారు. ఏప్రిల్ 22న, ఒక్క ఓటూ పడకుండా, బీజేపీ అభ్యర్థి ముఖేష్ దలాల్ ఏకగ్రీవంగా గెలిచారు. ఎట్‌సీడీకి ఇంత లోకజ్ఞానం లేదు. మొద్దు సరుకు, నాయకుడు కావాలంటే నిజంగానే ఓట్లు లెక్కపెడుతుంది. ఒంటరిగా మిగిలిన నోడ్ 'నాకు పోటీ లేదు కదా' అని గద్దెనెక్కలేదు. ఎక్కడి రాతలు అక్కడ ఆపేసి కూర్చుంటుంది.

సేఠ్ గుండె జారేది ఓట్ల దగ్గర కాదు, డిస్కుల దగ్గర. హార్వెస్టర్ మామూలుగా డేటాను మూడు నకళ్లు దాస్తుంది. 30 టెరాబైట్లకు డబ్బు కడితే వాడుకునేది 10. "మిగతా 20 ఎవడు తిన్నాడు?" అని గద్దిస్తాడు. నకళ్లు ఒకటికి తగ్గించమంటాడు, తగ్గించేవాడూ దొరుకుతాడు. ఆ తర్వాత ఏ డిస్కు పోయినా, దాని మీదున్నది అక్షరాలా పోయినట్టే.

సాక్షి ఎక్కడుండాలన్న దగ్గర మళ్లీ పేచీ. "మిగతావాటికి దూరంగా, వేరే భవనంలో పెడదాం సేఠ్‌జీ" అంటాడు ఇంజనీరు. "సాక్షి అనేవాడు మన కళ్లముందు ఉండాలి భాయ్, లేకపోతే ఏం చెబుతాడో ఏమో!" అంటాడు సేఠ్. అనుభవం మీద చెప్పిన మాట, కాదనలేం. చివరికి మేనేజ్‌మెంట్లు రెండూ, వర్కర్లూ, సాక్షీ అన్నీ దుకాణం కింది సెల్లార్‌లో, ఒకే ర్యాక్‌లో, ఒకే స్విచ్‌బోర్డుకు తగులుకుని ఉంటాయి. 2006 ఆగస్టులో ఉకాయి డ్యామ్ నుంచి వదిలిన నీళ్లతో తాపీ నది ఇదే ఊరిని ముంచింది. ఆ నీళ్లు మళ్లీ వస్తే కోరమ్ సమస్యే రాదు, అన్నీ ఏకగ్రీవంగా మునుగుతాయి.