స్వామి వారి వీసా సెక్షన్

మనవాళ్లకు ఆధ్యాత్మిక వెలితి పట్టుకుందట. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు జీవితానికి అర్థం వెతుక్కుంటున్నారట. ఎక్కడ వెతుకుతున్నారో చూడాలంటే ఓ ఆదివారం పొద్దున్నే చిలుకూరు వెళ్లండి.

ఉస్మాన్‌సాగర్ పక్కనున్న ఆ బాలాజీకి హుండీ లేదు. వీఐపీ దర్శనం లేదు, టికెట్టూ లేదు. డబ్బు అడగని దేవుడు దొరకడమే గగనమైన ఈ రోజుల్లో, అలాంటి చోట మనిషి కాసేపు తనను తాను మరిచి కూర్చోవచ్చు కదా? అబ్బే! కోరిక కోరేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. చేతిలో అంకెలు అచ్చేసిన కార్డు. చుట్టు పూర్తయినప్పుడల్లా ఒక గడి కొట్టెయ్యాలి. నలభై మూడా, నలభై నాలుగా అని అనుమానమొస్తే పెళ్లాం మీద కసురుకోవడం. వారమంతా టైంషీట్లు నింపిన చెయ్యి గుళ్లో మాత్రం ఊరుకుంటుందా?

ఇంతకీ అడిగేదేమిటి? వీసా. ఆయన పేరే వీసా బాలాజీ అయిపోయింది. జగత్తును మోసేవాణ్ణి కాన్సులేట్ గుమస్తాను చేసి కూర్చోబెట్టాం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నది పాత సామెత. ఇప్పుడు పూజారి ఇచ్చినా కిటికీ వెనకాల దొర ఇవ్వడు. 2025 సెప్టెంబరులో ట్రంప్ కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు పెట్టాడు. మన స్వామి మాత్రం 11ను 22 చెయ్యలేదు, అదీ ఆయన పెద్దరికం!

సరే, వీసా వచ్చింది. డల్లాస్‌లో ఇల్లొచ్చింది. అప్పుడు మొదలవుతుంది అసలు గోల. ‘ఏదో మిస్సవుతున్నా బాబాయ్’ అని వాట్సాప్ కాల్. ధ్యానం యాప్‌కి ఏడాది చందా. ఊపిరి పీల్చమని ఫోన్ చెబితే పీలుస్తాడు, వదలమంటే వదులుతాడు. వరుసగా ఎన్ని రోజులు వదిలాడో అక్కడా లెక్కే!

దేవుడితో బంధం తెగిపోయిందంటావేం నాయనా? బంధం ఎప్పుడుందని? ఉన్నది బేరం. అదీ సజావుగానే ముగిసింది. సెలవుకొచ్చినప్పుడు ఆ 108 చుట్ల బాకీ కూడా తీర్చేశావు.

ఈసారి వచ్చినప్పుడు కార్డు పుచ్చుకోకుండా ఒక్క చుట్టు తిరుగు. ఏమీ అడక్కు. అడిగేదేం లేకపోతే గుడికి వెళ్లడం దేనికని నోటిదాకా వచ్చిందా? ఆ రోగానికి ఏ యాప్‌లోనూ మందు లేదు.