వార్డులో కొత్త ఆర్డర్లీ

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగిని ఒత్తిగిలజేయడం మొదలు స్ట్రెచర్ తోయడం దాకా గల చాకిరీ అంతా చేసే ఉద్యోగిని, పురుషుడైతే ఎంఎన్ఓ, అనగా మేల్ నర్సింగ్ ఆర్డర్లీ అనీ, స్త్రీ అయితే ఎఫ్ఎన్ఓ అనీ కాగితాల మీద వ్యవహరిస్తారు. నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతాల రోగుల బంధువులకు ఈ అక్షరాలతో పని లేదు. వార్డులో తిరిగే ప్రతి మగవాడూ వారికి కాంపౌండరే, మెడలో ఏది వేలాడినా డాక్టరే. అందుచేత ఉదయం ఎనిమిదికి తొలి డ్యూటీ ఎక్కిన కుర్రవాడు తొమ్మిది కాకుండానే "డాక్టరు గారూ, మావాణ్ణి గుంటూరు తీసుకుపొమ్మంటారా?" అన్న ప్రశ్నను ఎదుర్కొంటాడు. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడివడి పల్నాడు జిల్లా ఏర్పడి, నరసరావుపేట దానికి ముఖ్యపట్టణమైనప్పటికీ, జబ్బు గట్టిదని తోచగానే గుంటూరు పెద్దాసుపత్రిని తలచుకోవడం విభజనకు లొంగని అలవాటు. తెలియదంటే చులకన, తెలుసంటే ఉద్యోగానికే ఎసరు. కనుక కొత్తవాడు మొట్టమొదట నేర్చే వైద్యవాక్యం "సిస్టర్ గారిని అడగండి".

జీవ వైద్య వ్యర్థాల నిర్వహణకు, అనగా ఆసుపత్రి చెత్తను విడదీయడానికి, 2016లో వచ్చిన నిబంధనలు నెత్తురంటిన దూదికి పసుపు, సెలైన్ గొట్టాలకు ఎరుపు, సూదులకు తెలుపు, గాజు సీసాలకు నీలం రంగులను కేటాయించాయి. వీటిని కంఠస్థం చేసినవాడు సైతం అరటి తొక్క దగ్గర తడబడతాడు. రోగి అత్తగారు దాన్ని అప్పటికే పసుపు బుట్టలో వేసి, "రంగు కలిసింది కదయ్యా" అని సమర్థించుకుంటుంది.

అసలు విద్య మంచం దిగలేని రోగి కింద దుప్పటి మార్చడం. రోగిని ఒక పక్కకు తిప్పి, మాసిన దుప్పటిని అతని వీపు దాకా పొడవునా చుట్టి, దాని పక్కనే ఉతికిన దుప్పటిని సగం పరచి, మిగతా సగాన్ని చుట్టగా ఉంచి, రోగిని ఆ మిట్ట మీదుగా ఇవతలికి దొర్లించి, అవతలి నుంచి మాసినదాన్ని లాగేయాలి. శిక్షణలో ఇద్దరితో ముగిసే ఈ పనికి ఇక్కడ అరడజను మంది బంధువులు సాయం వస్తారు; ఒకరు తల, ఒకరు కాళ్లు పట్టుకోగా మిగిలినవారు పొంతన లేని సలహాలిస్తారు, ఆ గందరగోళంలో మాసిన దుప్పటే మళ్లీ రోగి కిందికి చేరుతుంది. అలాగని వీరిని తీసిపారేయడానికి లేదు, వార్డులో సగం పని నడిచేది వీరి చేతుల మీదుగానే.

చూడవచ్చినవారిని వేళ మించాక పంపించడం కూడా ఆర్డర్లీ విధే. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరికీ ఒకే పంక్తిన పెట్టించిన చాపకూడు పుట్టిన సీమ కావడం వల్ల కాబోలు, రెండు మంచాల నడుమ చాప పరచి క్యారియర్లు విప్పినవారిని లేపబోయిన కుర్రవాడు, "ముందు నువ్వు కూర్చో అబ్బాయ్" అన్న మాటకు కరిగి, గోంగూర ముద్ద చేతబట్టి హెడ్ సిస్టర్ కంటబడతాడు.

ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టు, అనగా రోగి తాగిన నీళ్లనూ పోసిన మూత్రాన్నీ మిల్లీలీటర్లలో రాసే పట్టిక, సాయంత్రం చేసే పని. మూత్రపు సంచికి గీతలుంటాయి గనుక చిక్కు లేదు. నీళ్ల సంగతి అడిగితే మాత్రం "రెండు చెంబులు తాగాడయ్యా" అంటుంది భార్య. కుర్రవాడు పట్టుదలతో కొలపాత్ర తెచ్చి, చెంబును నింపి కొలిచి, ప్లాస్టరు ముక్క మీద 800 అని రాసి దానికి అతికిస్తాడు. తెల్లారేసరికి ఆ చెంబు ఊరికి వెళ్లిపోతుంది; కారంపూడి నుంచి మేనత్త దిగుతుంది, ఆవిడ వెంట ఇంకో చెంబు.